గోధుమకు నానో జింక్ కొడితే బెట్ట తట్టుకుంటుందా?

తమ్ముడు అడిగిన ప్రశ్నను ముందు కుదించి పెడుతున్నాను. "పరకాల దగ్గర మూడెకరాల చెల్క (ఇసుకపాలు ఎక్కువున్న నేల), ఒక్క బోరు. ఫిబ్రవరి వచ్చేసరికి బోరు గంట పోసి ఆగిపోతుంది. ఈ యాసంగి వరి మానేసి గోధుమ వేద్దామనుకుంటున్నా. నానో కణాలు వాడితే గోధుమ బెట్టను తట్టుకుంటుందని వీడియోలో చూశాను. మా ఊరి ఫర్టిలైజర్ షాపులో నానో జింక్ సీసా కూడా చూపించారు. కొనమంటారా సార్?"

నీకు ఇరవై ఆరేళ్లంటున్నావు కాబట్టి నువ్వు అనే రాస్తాను, ఏమనుకోకు. ముప్పై ఏళ్లు భూసార పరీక్షల పని చేసి రిటైరయ్యాను. హసన్‌పర్తి అవతల రెండెకరాలుంటే ఇప్పుడు దాని వెంట తిరుగుతున్నాను. ఈ నానో సంగతి కాగితం మీద చదివాను, పొలంలో చేసి చూశాను, ఒకసారి దాని వల్ల నలుగురిలో తల కూడా దించుకున్నాను. ఆ కథ తర్వాత చెప్తా.

జవాబు ముందే చెప్పేస్తున్నా. సీసా కొంటే కొనుక్కో, కానీ సీసాను నమ్ముకుని గోధుమ వేయకు.

ఎందుకో అర్థం కావాలంటే బెట్టలో మొక్కకు ఏమవుతుందో చూడాలి. నేలలో తేమ తగ్గగానే వేర్ల నుంచి ఆకులకు కబురు వెళ్తుంది. ఆకు తన పత్ర రంధ్రాలు మూసేసుకుంటుంది. నీరు ఆవిరి కావడం తగ్గుతుంది, అంతవరకు మంచిదే. కానీ అదే రంధ్రాల నుంచి కార్బన్ డయాక్సైడ్ లోపలికి రావాలి, అదీ ఆగిపోతుంది. ఎండ మాత్రం ఆగదు. రైసు మిల్లులో వడ్లు రావడం ఆగినా మోటారు తిరుగుతూనే ఉంటే బెల్టు కాలి వాసన వస్తుంది చూశావా, అదే పరిస్థితి. ఆకు పట్టుకున్న ఎండ శక్తికి పని దొరకదు. అది ఆక్సిజన్ మీద పడి హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి పదార్థాలను తయారు చేస్తుంది. అవి ఆకు కణాల పొరలను, పచ్చదనాన్ని లోపల్నుంచి కాలుస్తాయి. బెట్టలో ఆకు పసుపెక్కేది ఒక్క నీళ్లు లేకే కాదు, ఈ మంట వల్ల కూడా.

ఈ మంటను ఆర్పడానికి మొక్క దగ్గర సొంత ఎంజైములు ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది సూపర్‌ఆక్సైడ్ డిస్మ్యుటేజ్. అందులో ఒక రకం పనిచేయాలంటే జింక్, రాగి కావాలి. జింక్ లేని మొక్క బెట్టలో తొందరగా చేతులెత్తేయడానికి ఇదొక కారణం. శాస్త్రజ్ఞులు గోధుమ మీద నానో జింక్ ఆక్సైడ్ ప్రయత్నించడం వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే. ఇసుకలో ఉండే సిలికాది వేరే దారి. గోధుమ, వరి లాంటి గడ్డి జాతులు సిలికాను బాగా తీసుకుని ఆకు పైపొర కింద అద్దం పలకలా పరుచుకుంటాయి, దానివల్ల ఆకు నుంచి నీరు పోవడం కొంత తగ్గుతుంది. సీరియం ఆక్సైడ్ కణాలైతే ఆ మంట పదార్థాలను నేరుగా తామే విరిచేస్తాయి. టైటానియం డయాక్సైడ్, అంటే గోడల పెయింట్లలో వేసే తెల్ల పొడి, దాన్ని కూడా గోధుమ మీద చూశారు. ఈ చివరి రెండూ ప్రయోగశాల సరుకు, మన చేలకు ఇప్పట్లో పనిలేదు. జింక్, సిలికా మాత్రమే మాట్లాడుకుందాం.

మరి నానో ఎందుకు, మామూలు జింక్ చాలదా? 100 నానోమీటర్ల లోపు ఉంటే నానో అంటారు. తల వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు. కుంకుడు గింజంత, అంటే ఒక్క సెంటీమీటరు భుజం ఉన్న జింక్ ఆక్సైడ్ ముక్క ఉందనుకో. ఆరు ముఖాలూ కలిపితే దాని ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే 10 నానోమీటర్ల ముక్కలు చేస్తే మొత్తం ఉపరితలం 600 చదరపు మీటర్లవుతుంది. మన లెక్కలో దాదాపు ఆరు గుంటల భూమి! అంత పరుచుకున్న వస్తువు ఆకుకు అతుక్కుంటుంది, మెల్లగా కరుగుతూ జింక్ ఇస్తుంది. నానోలో ఉన్న అసలు బలం ఇదే, ఇందులో మాయేం లేదు. వట్టి మాట కూడా కాదు.

ఇక వీడియోల వాళ్లు చెప్పని భాగానికి వద్దాం.

ఈ ప్రయోగాల్లో ఎక్కువ భాగం కుండీల్లో జరిగినవే. కుండీలో ఐదారు కిలోల మట్టి ఉంటుంది. "కిలో మట్టికి 100 మిల్లీగ్రాముల నానో కణాలు కలిపితే బెట్టలో కూడా గోధుమ బాగుంది" అని రాస్తారు. కుండీకి అర గ్రాము, ఎంతో తక్కువ కదా అనిపిస్తుంది. ఎకరం పొలంలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 9 లక్షల కిలోలు. అదే మోతాదు లెక్క వేస్తే ఎకరానికి 90 కిలోల నానో పొడి. ఏ షాపులో దొరుకుతుంది, ఎవడు కొంటాడు? కాబట్టి మట్టిలో కలిపి చేసిన ప్రయోగం ఎంత గొప్పగా ఉన్నా నీకూ నాకూ అక్కరకు రాదు, పక్కన పెట్టెయ్. ఆకు మీద కొట్టేదైతే లీటరుకు 100 మిల్లీగ్రాములు, ఎకరానికి 200 లీటర్లు, మొత్తం 20 గ్రాములు. ఇది చేయదగిన పని. విత్తనాన్ని నానబెట్టడమైతే ఇంకా తక్కువలో పోతుంది.

కుండీలో ఇంకో తిరకాసు ఉంది. అక్కడ వేరుకు పోవడానికి చోటుండదు. పొలంలో గోధుమ వేరు మీటరు లోతుకు పైగా దిగగలదు, కింద తేమ ఉంటే వెతుక్కుంటుంది. మన చెల్కలో రెండు జానల కింద మొరం తగిలితే అది వేరే సంగతనుకో.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఒకటుంది, అది నాకు చదువు నేర్పలేదు. నాలుగేళ్ల కింద నా మక్క చేనులో నానో జింక్ కొట్టాను. ఒక కంపెనీ వాళ్ల పొడి, ఆన్‌లైన్‌లో తెప్పించాను. నాలుగు సాళ్లకు కొట్టి, పక్కన నాలుగు సాళ్లు ఏమీ కొట్టకుండా వదిలేశాను. పదిహేను రోజులకు తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. కొట్టిన సాళ్లు నిండు పచ్చగా, కొట్టనివి లేత ఆకులు తెల్లబడి, తెల్లమొగ్గతో ఉన్నాయి. ఊళ్లో వాళ్లను పిలిచి మరీ చూపించాను. అందరూ తలలూపుతుంటే, నా దగ్గర కూలికి వచ్చే ఒక పెద్దాయన మెల్లగా అడిగాడు: "మామూలు జింకు కొడితే ఇట్ల గాదా సారూ?"

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే మామూలు జింక్ సల్ఫేట్ కొట్టిన సాలు నేను పెట్టనేలేదు! ఆ చేను మట్టి పరీక్షలో జింక్ 0.6 పీపీఎం (కిలో మట్టికి మిల్లీగ్రాములు) కంటే తక్కువ వచ్చిందని నాకు తెలుసు. ఆ గీత కింద ఉంటే లోపం ఉన్నట్టే. జింక్‌కు ఆకలిగొన్న చేనుకు ఏ రూపంలో జింక్ ఇచ్చినా లేచి కూర్చుంటుంది. నేను చూపించింది జింక్ గొప్పతనం, నానో గొప్పతనం కాదు. ముప్పై ఏళ్లు ల్యాబులో పోలికలు పెట్టినవాడిని, నా చేనులో ఆ చిన్న సంగతి మరిచిపోయాను.

అప్పట్నుంచి ఏ నానో పరిశోధన కనిపించినా ముందు నేను వెతికేది ఒక్కటే: దేనితో పోల్చారు? వట్టి నీళ్లతో పోల్చి "బాగుంది" అంటే నాకు సరిపోదు. మామూలు జింక్ సల్ఫేట్‌తో పోల్చారా? విత్తనాన్ని నానో ద్రావణంలో నానబెడితే, అంతే సేపు మామూలు నీళ్లలో నానబెట్టిన విత్తనంతో పోల్చారా? ఎందుకంటే రాత్రంతా మామూలు నీళ్లలో నానబెట్టి, నీడన ఆరబెట్టి వేసిన గోధుమ కూడా తొందరగా, సమానంగా మొలుస్తుంది. దానికి రూపాయి ఖర్చు లేదు. ఇలా పోల్చి చూసిన ప్రయోగాల్లో కొన్నిట్లో నానో ముందున్న మాట నిజమే, కొన్నిట్లో రెండూ ఒకటే. మోతాదు పెరిగితే మాత్రం విషమే. జింక్ ఆక్సైడ్ కణాలు ఎక్కువైతే గోధుమ వేరు పొట్టిగా, మొద్దుగా అయిపోతుంది. "ఇంకో మూత ఎక్కువ పోద్దాం" అనే మన అలవాటు ఇక్కడ పనికిరాదు.

నా పొడితో వచ్చిన ఇంకో ఇబ్బంది కూడా చెప్పాలి. బోరు నీళ్లలో కలిపిన పది నిమిషాలకే అది విరిగిన పాలలా గడ్డకట్టి డబ్బా అడుక్కు చేరింది. స్ప్రేయర్ నాజిల్ మూసుకుపోయింది. మన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, అవి నానో కణాలను ఒకదానికొకటి అంటిస్తాయి. అంటుకున్నాక అది నానో కాదు, మామూలు పొడే. పట్టిపెట్టిన వాన నీళ్లలో కలిపితే కాస్త నయంగా నిలిచింది. ద్రవ రూపంలో వచ్చేవాటిలో కణాలు గడ్డకట్టకుండా ఏదో ఒకటి కలుపుతారు కాబట్టి ఇంత అధ్వానంగా ఉండవు. అయినా ముందు గాజు గ్లాసులో నీ బోరు నీళ్లు పోసి నాలుగు చుక్కలు వేసి అరగంట చూడు. అడుక్కు దిగితే కొట్టకు.

సమయం కూడా ముఖ్యం. చేను వాడిపోయాక మందు కొట్టడానికి పరుగెత్తుతాం. కానీ వాడిన ఆకు రంధ్రాలు మూసుకుని ఉంటుంది. ఆకు మైనపు పొరలో ఉండే సందులు మరీ చిన్నవి, కొన్ని నానోమీటర్లే. పెద్ద తలుపు మూసి ఉన్నప్పుడు వెళ్లి తట్టినట్టవుతుంది. ఏది కొట్టినా బెట్ట రాకముందు, ఆకు నిగనిగలాడుతున్నప్పుడు, పొద్దున చల్లపూట కొట్టాలి.

ఇప్పుడు నీళ్ల లెక్క. ఇది చూస్తే నీకు మొత్తం విషయం తేటపడుతుంది. ఎకరం మీద ఒక్క సెంటీమీటరు నీరు నిలవాలంటే 40 వేల లీటర్లు కావాలి. గోధుమకు ఒక మంచి తడి అంటే ఐదు సెంటీమీటర్లు, 2 లక్షల లీటర్లు. నిండుగా ఎదిగిన గోధుమ ఫిబ్రవరి ఎండలో రోజుకు నాలుగైదు మిల్లీమీటర్లు తాగేస్తుంది, అంటే ఎకరానికి 16 నుంచి 20 వేల లీటర్లు. నువ్వు కొట్టే నానో స్ప్రే 200 లీటర్లు. అది నీళ్లకు బదులు కాదు, కాలేదు. ఆకులో మంట తగ్గించి, తడికీ తడికీ మధ్య మొక్క కొన్నాళ్లు ఓర్చుకునేలా చేస్తే చేస్తుంది, అంతే. బోరు ఆగిపోయి ఇరవై రోజులైన చేనును ఏ సీసా లేపదు.

జింక్ లెక్క కూడా పక్కన పెట్టి చూడు. లీటరుకు 2 గ్రాముల జింక్ సల్ఫేట్ చొప్పున 200 లీటర్లు కొడితే ఎకరానికి పడేది 84 గ్రాముల జింక్. పైన చెప్పిన నానో మోతాదులో పడేది 16 గ్రాములు. అంటే నానో వాళ్లు తక్కువ సరుకుతో అంతే పని చేయిస్తామంటున్నారు. చేయిస్తే సంతోషమే. కానీ నేలలోనే జింక్ లేకపోతే ఆకు మీది 16 గ్రాములు పంటంతా సరిపోవు. మూడు పంటలకోసారి ఎకరానికి 20 కిలోల జింక్ సల్ఫేట్ దుక్కిలో వేయడం పాత పద్ధతే, నేను ఇప్పటికీ అదే చేస్తాను. ఫాస్ఫేట్ ఎరువుతో కలపకుండా వేరేగా వెయ్యి, కలిస్తే రెండూ ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి.

నానో యూరియా గురించి నువ్వు అడగలేదు, అయినా షాపువాడు అదీ అంటగడతాడు కాబట్టి చెప్తున్నా. 2021లో కేంద్రం దాన్ని ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో చేర్చింది. అప్పుడు వచ్చిన అరలీటరు సీసాలో నత్రజని 4 శాతం, అంటే 20 గ్రాములు. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోల పైన. పది క్వింటాళ్ల గోధుమ గింజల్లోనే 19, 20 కిలోల నత్రజని ఉంటుంది, అది ఎక్కణ్నుంచో రావాలి కదా! తర్వాత నత్రజని శాతం పెంచిన సీసాలు వచ్చాయి, పెంచినా అరలీటరు అరలీటరే. లుధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు రెండేళ్లు పొలంలో చూసి, యూరియా తగ్గించి నానో యూరియా కొట్టినచోట గోధుమ దిగుబడి 21.6 శాతం, వరి 13 శాతం తగ్గిందని చెప్పారు. ఇది నత్రజని సంగతి, జింక్‌కు నేరుగా అన్వయించకు. గ్రాముల్లో సరిపోయే జింక్ వేరు, కిలోల్లో కావాల్సిన నత్రజని వేరు.

సిలికా కావాలనుకుంటే దానికి నానో సీసా కొనడం నాకు నవ్వొస్తుంది. పరకాల, హుజూరాబాద్, కరీంనగర్ ఎటు చూసినా రైసు మిల్లులే. ఊక బూడిదలో 85 శాతం పైగా సిలికానే. అయితే ఒక చిక్కుంది. బాయిలర్‌లో మరీ ఎక్కువ వేడికి కాలిన బూడిదలో సిలికా స్ఫటికంగా మారి, నేలలో తొందరగా కరగదు. నల్లగా, సగం కాలినట్టున్న బూడిద మేలు. పశువుల ఎరువుతో కలిపి దుక్కిలో వేస్తే మెల్లగా అందుతుంది. దీన్ని కూడా గోధుమ, వరి, మక్క లాంటి వాటికే లెక్కపెట్టుకో, పత్తి పెద్దగా పట్టించుకోదు.

నీ చెల్కకు నేను నిజంగా చెప్పే నానో మందు వేరే ఉంది, అది చెరువు మట్టి. నవ్వకు. నల్లరేగడిలో, మంచి చెరువు మట్టిలో ఉండే మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకమన్ను పొర మందం సుమారు ఒక నానోమీటరు. అలాంటి మన్ను ఒక్క గ్రాముకు 600 చదరపు మీటర్లకు పైగా ఉపరితలం ఉంటుంది, పైన లెక్కేసిన ఆరు గుంటలు ఒక్క గ్రాములో! ఆ ఉపరితలం మీదే నీరు, పోషకాలు పట్టుకుని నిలుస్తాయి. చెల్కలో ఇసుక ఎక్కువ, పోసిన నీరు పోసినట్టే కిందికి దిగిపోతుంది. మిషన్ కాకతీయ పథకంలో చెరువుల పూడిక తీసినప్పుడు ట్రాక్టర్లతో మట్టి తోలుకున్న రైతులను అడుగు, తడికీ తడికీ మధ్య ఎన్ని రోజులు పెరిగాయో వాళ్లే చెప్తారు. అన్ని చెరువుల మట్టి ఒకటి కాదు. తోలే ముందు గుప్పెడు తీసుకుని తడిపి అరచేతుల మధ్య తీగలా చేసి చూడు. విరగకుండా సాగితే బంకమన్ను ఉన్నట్టు. పొడిపొడిగా రాలితే అది ఇసుకే, ట్రాక్టర్ కిరాయి దండగ.

ఇక గోధుమ. మన దగ్గర గోధుమకు బెట్ట ఒక్కటే శత్రువు కాదు, వేడి అంతకంటే పెద్దది. గింజ పాలు పోసుకునేటప్పుడు చల్లగా ఉండాలి, పగలు 30 డిగ్రీలు దాటితే గింజ నిండకుండానే ముదిరిపోతుంది. మన ఫిబ్రవరి సంగతి నీకు తెలుసు. అందుకే తెలంగాణలో గోధుమ ఆదిలాబాద్ వైపు, జహీరాబాద్ వైపు కొంత కనిపిస్తుంది తప్ప వరంగల్‌లో దాదాపు లేదు. వేయాలనుంటే నవంబర్ మొదటి పక్షంలోనే విత్తు. వరి కోసి డిసెంబర్‌లో వేస్తానంటే మానెయ్. మొదటిసారి మూడెకరాలూ పెట్టకు, పది గుంటలు చాలు. కొనేవాళ్లెవరో కూడా ముందే చూసుకో. మిగతా భూమికి శనగ, జొన్న, నువ్వులు ఉన్నాయి, నీ బోరు వాటిని మోస్తుంది.

ఉన్న నీళ్లను ఎక్కడ ఖర్చు పెట్టాలో కూడా రాసుకో. విత్తిన 20 నుంచి 25 రోజుల మధ్య ఒక తడి తప్పనిసరి. మొదలు దగ్గర పక్క వేర్లు, పిలకలు పుట్టేది అప్పుడే. అది తప్పితే తర్వాత ఎన్ని తడులిచ్చినా పిలక రాదు. తర్వాత పూత దశకు ఒకటి, పాలు పోసుకునేటప్పుడు ఒకటి. మధ్యలో కుదిరితే సరే, లేకుంటే ఈ మూడూ కాపాడుకో. నానో కొట్టదలిస్తే పూతకు వారం ముందు కొట్టు.

సీసా కొనే ముందు లేబుల్ చదువు. ఎంత శాతం జింక్, కణాల సైజు ఎంత, ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద అనుమతి ఉందా చూడు. "నానో టెక్నాలజీతో" అని పెద్దక్షరాలుండి ఈ మూడూ లేకపోతే వెనక్కిచ్చెయ్. వరంగల్ దగ్గరి మామునూరు కృషి విజ్ఞాన కేంద్రంలో, ములుగు రోడ్డులోని వ్యవసాయ పరిశోధన స్థానంలో అడగడానికి మొహమాటపడకు. సీసా ఫోటో చూపిస్తే చాలు.

చేనులో ఇలా పెట్టు. రెండేసి మీటర్ల వెడల్పున నాలుగు ముక్కలు: ఒకదానికి ఏమీ వద్దు, ఒకదానికి వట్టి నీళ్లు, ఒకదానికి లీటరుకు 2 గ్రాముల జింక్ సల్ఫేట్, ఒకదానికి సీసా మీద రాసినంత నానో. ఇదే వరస చేనులో ఇంకో రెండు చోట్ల కూడా పెట్టు. గట్టు పక్కన ఒకచోటే పెడితే గట్టు నీడ, గట్టు తేమ నిన్ను మోసం చేస్తాయి. కోతలప్పుడు ఒక్కో ముక్కలో మీటరు పొడవు, మీటరు వెడల్పు కోసి, నూర్చి, గింజ తూచు. పచ్చదనం చూసి తీర్పు చెప్పకు, నేను చెప్పి చూశాను.

పొడి రూపంలో ఉన్నది కొంటే మూతికి మాస్కు కట్టుకోకుండా మూత తీయకు. అంత సన్న పొడి ఊపిరితిత్తుల లోతుకు పోతుంది. మిగిలిన ద్రావణం బోరు దగ్గరో, చెరువు కాలువలోనో పారబోయకు. ముందు మట్టి పరీక్ష చేయించి, జింక్ ఎంత వచ్చిందో ఇక్కడే రాయి. 0.6 కంటే బాగా ఎక్కువ ఉంటే ఆ సీసా డబ్బులు ట్రాక్టర్ కిరాయికి దాచుకోమంటాను.